ఆడబిడ్డ సొమ్ము

తమ్ముడి పెళ్ళి కుదిర్చిన అక్కే, తమ్ముడి విడాకుల కాగితం మీద సాక్షి సంతకం కూడా పెట్టాలని ఏ శాస్త్రంలోనూ రాసి లేదు. అయినా ఆ శనివారం పొద్దున్నే శ్రీలత తలస్నానం చేసి, ఉన్నవాటిలో నలగని చీర ఒకటి కట్టుకుని, జీడిమెట్ల నుంచి గచ్చిబౌలికి బయల్దేరింది. ఏం చేస్తుంది మరి? ముందురోజు తమ్ముడు ప్రశాంత్ ఫోన్ చేసి, "అక్కా, ఒప్పందం మీద సాక్షి సంతకం కావాలంట. ఆఫీసు వాళ్ళను పిలవాలంటే తల కొట్టేసినట్టుంటాది. నువ్వు రావా?" అన్నాడు. వాడు లాగులేసుకున్న నాటి నుంచీ, "నువ్వు రావా" అంటే శ్రీలత రానన్నది లేదు.

గడప దాటుతుంటే తల్లి ఓబులమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. జమ్మలమడుగు వదిలి వచ్చి కూతురి దగ్గర ఇన్నేళ్ళుగా ఉంటున్నా ఆమె మాటా మారలేదు, పట్టూ మారలేదు.

"సంతకం పెట్టి వచ్చేయ్. అంతే. ఆ మాట మాత్రం నోరు జారొద్దు."

"ఏ మాట మా?" అంది శ్రీలత, తెలిసి కూడా.

"నీకు తెల్దా యేమి? వాళ్ళు విడిపోతా ఉండారు, సరే, వాళ్ళ కర్మ. ఆడబిడ్డ సొమ్ముతో ఇల్లు కొన్నారన్న మాట మాత్రం బయటికి రాగూడదు. ఆడబిడ్డకు పెట్టాల్సినోళ్ళం మనం. ఆడబిడ్డ దగ్గర పుచ్చుకున్నామని తెలిస్తే నలుగురూ మొగాన ఉమ్మేస్తారు."

"నీ మనవరాలు రసజ్ఞ కాలేజీ ఫీజు నలుగురూ కడతారా మా?"

ఓబులమ్మ చెయ్యి వదిలింది.

అసలు సంగతేమంటే, ఆరేళ్ళ కిందట ప్రశాంత్, అతని భార్య భార్గవి గోపన్‌పల్లిలో ఫ్లాట్ చూసుకున్నారు. బ్యాంకు లోను పోను, చేతి నుంచి కట్టాల్సిన సొమ్ముకు ప్రశాంత్ దిక్కులు చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే శ్రీలత, ఆమె భర్త ఓంకార్, గాజులరామారంలో తమకున్న చిన్న స్థలం అమ్మారు. పద్దెనిమిది లక్షలు వచ్చాయి. ఓబులమ్మ మధ్యన కూర్చుని మాట నడిపింది. "బ్యాంకులో పెట్టుకుంటే ఏమొస్తాది, తమ్ముడికిస్తే ఇంట్లో ఉన్నట్టే కదా" అంది. ఓంకార్ మెత్తని మనిషి. "పాప పెద్ద చదువుకొచ్చేసరికి ఇచ్చేస్తాడులే" అన్నాడు. ఇచ్చేశారు. కాగితం లేదు, వడ్డీ లేదు. తమ్ముడి దగ్గర నోటు రాయించుకునే అక్క ఆ వంశంలో అప్పటికింకా పుట్టలేదు.

పైగా ఓబులమ్మ షరతు ఒకటి: కోడలికి కూడా తెలియకూడదు. తెలిస్తే కోడలి పుట్టింటివాళ్ళకి తెలుస్తుంది, వాళ్ళకి తెలిస్తే నంద్యాల అంతా తెలుస్తుంది. కాబట్టి ప్రశాంత్ అది తన పొదుపేనని పెళ్ళానికి చెప్పాడు. గృహప్రవేశం నాడు ఆనవాయితీ ప్రకారం ఆడబిడ్డే పాలు పొంగించాలి గనుక శ్రీలత పొంగించింది. పొంగించిన ఆడబిడ్డకు చీర పెట్టాలి గనుక భార్గవి తాంబూలంలో పెట్టి చీర ఇచ్చింది. తన సొమ్ముతో కొన్న ఇంట్లో తనకే చీర పెట్టించుకుని, కళ్ళకద్దుకుని మరీ ఇంటికొచ్చింది ఆ మహాతల్లి!

ఓంకార్ రెండేళ్ళ కిందట గుండెపోటుతో పోయాడు. కూతురు రసజ్ఞకి ఈ ఏడు డెంటల్ కాలేజీలో సీటొచ్చింది. ఫీజు కట్టడానికి నెలాఖరు దాకా గడువు. మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్లో శ్రీలతకొచ్చే జీతం ఇంటి కిరాయికీ, బియ్యానికీ సరి. ఇక ఉన్న ఒకే ఒక్క ఆశ ఆ పద్దెనిమిది లక్షలు. విడిపోతున్నామని చెప్పిన రోజు ప్రశాంత్ తనంతట తానే అన్నాడు: "ఇల్లు అమ్మేస్తామక్కా. అమ్మంగానే ముందు నీదే." ఆ మాట పట్టుకునే ఆమె నాలుగు నెలలుగా నిబ్బరంగా ఉంది. తమ్ముడి కాపురం పోతున్నందుకు ఏడుస్తూనే, ఇల్లు ఎప్పుడు అమ్ముతారా అని ఎదురుచూసింది. అందుకు తనను తాను తిట్టుకుంది కూడా.

లాయరు సుష్మ ఆఫీసు గచ్చిబౌలిలో ఒక టిఫిన్ సెంటర్ పైన రెండో అంతస్తులో ఉంది. బస్సు దిగి బైక్ టాక్సీ ఎక్కితే, ఆ పిల్లాడు "జర గట్టిగ కూసోండి మేడం, ఫికర్ చెయ్యకుండ్రి" అని భరోసా ఇచ్చి మరీ గోతుల్లోంచి తీసుకొచ్చాడు. పైకెళ్ళేసరికి ప్రశాంత్, భార్గవి పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. పోట్లాడుకున్న వాళ్ళలా లేరు. నిజానికి వాళ్ళు పోట్లాడుకున్నదీ తక్కువే. అతనిది రాత్రి షిఫ్టు, ఆమెది పగలు. ఒకరు లేచే వేళకి ఇంకొకరు పడుకునేవారు. ఏ విషయమైనా ప్రశాంత్ ఒక్కడే తేల్చేసి, తర్వాత భార్యకి చెప్పేవాడు. ఆమె అడిగితే "నీ మంచికే కదా" అనేవాడు. అడిగీ అడిగీ ఆమె అడగడం మానేసింది. మాటలు ఆగిపోయిన ఇంట్లో కాపురం మాత్రం ఏం నిలుస్తుంది?

"అందరూ వచ్చినట్టేనా?" అంది సుష్మ కళ్ళజోడు సవరించుకుంటూ. "ఒకసారి తెలుగులో చెప్తా, జర ధ్యానం పెట్టి వినండి. రేపు కోర్టుల జడ్జిగారు అడిగితే మాకు తెల్వదు అనొద్దు."

చెప్పుకుంటూ పోయింది. భార్గవి బంగారం భార్గవిదే. కారు ప్రశాంత్‌ది, దాని మీద అప్పు తీరిపోయింది. ఎవరి క్రెడిట్ కార్డు బాకీ వాళ్ళదే. గోపన్‌పల్లి ఫ్లాటు ఇద్దరి పేరు మీదా ఉంది. అందులో తన సగం ప్రశాంత్ భార్గవికి వదిలేస్తున్నాడు. మిగిలిన బ్యాంకు లోను ఇక భార్గవి కట్టుకుంటుంది. దీనికి మించి ఆమె భరణం అడగదు.

శ్రీలతకి చెవుల్లో గింగురుమంది. వదిలేస్తున్నాడా? అమ్మడం లేదా?

"ఒక్క మాట గుర్తు పెట్టుకోండి," సుష్మ చెబుతూనే ఉంది. "విడాకులు మీ ఇద్దరికీ, బ్యాంకుకు కాదు. లోను ఇద్దరి పేరు మీద ఉన్నన్ని రోజులు, ఒకరు కట్టకపోతే ఇంకొకరిని పట్టుకుంటది. భార్గవి గారి జీతం చూసి బ్యాంకు ఒప్పుకోవాలె, ప్రశాంత్ గారి పేరు తీసెయ్యాలె. ఆ తర్వాతనే రిజిస్ట్రేషన్. సమజైందా?"

ఇద్దరూ తల ఊపారు.

"ప్రశాంత్ గారూ, చేతి నుంచి కట్టిన సొమ్ము మొత్తం మీ సొంత పొదుపు అని రాసిన. అంత సొమ్ము వదులుకుంటున్నరు, బాగా ఆలోచించుకున్నరా?"

"ఆలోచించుకున్నానండి," అన్నాడు ప్రశాంత్ హుందాగా. "మగవాడు ఆస్తి కోసం కొట్లాడినాడన్న మాట నాకొద్దు. ఆమె ఉన్న ఇల్లు, ఆమెకే ఉండనీ."

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ అత్త లేదు, అక్క ఉంది. అక్క సొమ్ము తమ్ముడు దానం చేస్తున్నాడు, అదీ అక్క ఎదురుగానే, అక్కనే సాక్షిగా కూర్చోబెట్టుకుని! పాపం వాడికి ఆ ఎరుక కూడా ఉన్నట్టు లేదు. మొహంలో త్యాగం చేసిన తృప్తి కనబడుతోంది.

"ఇంకా అప్పులేమన్నా ఉన్నయా? చుట్టాల దగ్గర, స్నేహితుల దగ్గర తీసుకున్న చేబదుళ్ళు? ఉంటే ఇప్పుడే చెప్పండి, తర్వాత పరేషాన్ కావద్దు."

"లేవు," అంది భార్గవి.

"లేవండి," అన్నాడు ప్రశాంత్. అన్నాక గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. అక్క వైపు మాత్రం చూడలేదు. అంటే ఎరుక లేకపోవడమేమీ కాదన్నమాట.

సుష్మ కాగితాలు ప్రింటు తీయించేలోపు ప్రశాంత్ ఫోనొచ్చిందని మెట్ల దగ్గరికి వెళ్ళాడు. శ్రీలత, భార్గవి వరండాలో మిగిలారు. కింది నుంచి దోసె మాడిన వాసన వస్తోంది. భార్గవి చిక్కిపోయింది. ఇద్దరూ రోడ్డు మీద ఆఫీసు బస్సుల్ని చూశారు.

"పెళ్ళయి వచ్చిన రోజు గడపకి అడ్డంగా నిలబడి మాతో పేర్లు చెప్పించినావు, గుర్తుందా వదినా?" అంది భార్గవి.

"యాల గుర్తుండదు? నువ్వు గట్టిగా చెప్పినావు. వాడే నసిగినాడు."

భార్గవి నవ్వింది. నవ్వుతుంటేనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీకేమీ చెయ్యలేకపోయినా. ఓంకార్ అన్న పోయినప్పుడు కూడా రెండు రోజులుండి వచ్చేసినా." గొంతు తగ్గించింది. "ఇంకో మాట. తప్పుగా అనుకోవద్దు. రసజ్ఞ ఫోన్ చేస్తా ఉంటాది నాకు. ఫీజు సంగతి చెప్పింది. ఈ ఏడాదిది నేను కడతా. నువ్వు వద్దనొద్దు."

శ్రీలతకి గుండె కలుక్కుమంది. ఈ పిల్ల ఉంటున్న ఇంట్లో తన పద్దెనిమిది లక్షలున్నాయి. అది తెలియక, తన జీతంలోంచి తీసి రసజ్ఞకి ఫీజు కడతానంటోంది. వద్దంటే రసజ్ఞ సీటు పోతుంది. సరే అంటే, తన సొమ్ముకు తనే చేయి చాచి దానం పట్టినట్టు. గృహప్రవేశం చీర కళ్ళకద్దుకున్న రోజు గుర్తొచ్చింది. ఒకసారి కళ్ళకద్దుకుంటే సరిపోయింది, జన్మంతా అద్దుకోవాలా? తల్లి మీద, తమ్ముడి మీద, అందరికంటే ఎక్కువగా తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది.

"లోపలికి పోదాం పా," అంది.

కాగితాలు టేబుల్ మీద పరిచి ఉన్నాయి. ముందు భార్గవి ప్రతి పేజీ కిందా సంతకం పెట్టింది. తర్వాత ప్రశాంత్. చివరి పేజీలో అడుగున సాక్షులకు రెండు గీతలున్నాయి. సుష్మ పెన్ను శ్రీలత చేతికిచ్చింది.

"నేనిక్కడ సంతకం పెడితే, లోపల రాసిందంతా నిజమని చెప్పినట్టేనా మేడం?"

"అయ్యో, అట్ల ఏం లేదమ్మా. వీళ్ళిద్దరూ మీ కండ్ల ముందర సంతకం పెట్టిన్రు, అంతే. లోపల ఏముందో మీకు సంబంధం లేదు."

మంచి దారే చూపించింది లాయరమ్మ. అబద్ధం ఆడినట్టూ కాదు, తల్లి మాట మీరినట్టూ కాదు. శ్రీలత పెన్ను మూత తీసింది. కంపెనీలో ఆమె రోజుకు నూరు సంతకాలు పెడుతుంది, అట్టపెట్టె మీద రాసిన మందూ లోపలి మందూ ఒకటేనని. లోపల ఏముందో నాకు సంబంధం లేదని పెట్టిన సంతకం ఇన్నేళ్ళలో ఒక్కటీ లేదు. "శ్రీ" అని రాయబోయి ఆగింది.

"ఆ చుట్టాల అప్పుల మాట ఇంకోసారి చదవండి మేడం."

సుష్మ విసుక్కోకుండా చదివింది. "బంధువుల వద్ద గానీ, ఇతరుల వద్ద గానీ ఇరువురికీ ఎటువంటి అప్పూ లేదు."

"ఉంది," అంది శ్రీలత.

ప్రశాంత్ కుర్చీలో సగం లేచాడు. "అక్కా!"

"కూర్చో రా. పద్దెనిమిది లక్షలు మేడం. ఆ ఇంటికి చేతి నుంచి కట్టిన సొమ్ము వీడి పొదుపు కాదు. నేనూ మా ఆయనా స్థలం అమ్మి ఇచ్చినాము. కాగితం లేదు. వీడు కాదంటే నేను చేసేదేమీ లేదు. కానీ కాదన్నా సరే, నా ఎదురుగా అనాల."

ఆమె పెన్ను కింద పెట్టేసింది.

ప్రశాంత్ చెడ్డవాడు కాదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, కాదని బుకాయించలేదు. "ఇద్దామనే అనుకున్నానక్కా," అన్నాడు. "కొన్నాళ్ళు పోయినాక. ముందు ఇది అయిపోనీ అని... నువ్వు అడగవనుకున్నా."

"అడగనని తెలిసే కదరా తీసుకున్నావు!"

ఆ మాటకి శ్రీలతే ఉలిక్కిపడింది. ఆరేళ్ళుగా అది లోపల ఉందని ఆమెకే తెలియదు.

భార్గవి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. మొహం పాలిపోయింది. "ఆరేళ్ళు ఆ ఇంట్లో ఉన్నా," అంది మెల్లగా. "ఎవరి డబ్బుతో ఉన్నానో నాకు తెలీదు. గృహప్రవేశం రోజు నా చేత్తో చీర పెట్టినా వదినా నీకు. తొమ్మిది వందల చీర. బేరమాడి తెచ్చినా. నువ్వు కళ్ళకద్దుకుంటే, మా వదినకెంత సంతోషమో అనుకున్నా." తర్వాత ప్రశాంత్ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "చూసినావా? ఇదే నాకు నీతో వచ్చిన కష్టం. మంచి పేరంతా నీకు, బరువంతా ఇంకొకరికి. నన్నడిగింటే ఇంకో చిన్న ఇల్లు చూసుకుందామనేదాన్ని కదా."

ప్రశాంత్ టేబుల్ మీది కాగితాల వైపు చూశాడు.

"మేడం," అంది భార్గవి, "ఆ ఇల్లు నాకు దానంగా వద్దు. ఆ పద్దెనిమిది లక్షలూ నా అప్పుగా రాయండి. నెలనెలా వదినకి కడతా."

"వద్దు," అంది శ్రీలత వెంటనే. "నీకు నేనివ్వలేదు, వాడికిచ్చినా. ఆ ఇంటికి నువ్వూ ఆరేళ్ళు సగం లోను కంతులు కట్టినావు. వాడి సగం నీకిస్తానన్నాడు, సంతోషం. ఆ మాట మీద నిలబడనీ. నా బాకీ వాడే తీర్చాల. పేరు వాడికే దక్కనీ, బరువూ వాడే మోయనీ."

సుష్మ కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టింది. "ప్రశాంత్ గారూ, మీరేమంటరు? ఒప్పుకుంటే రాస్త, లేకుంటే లేదు."

ప్రశాంత్ అక్క వైపు చూశాడు. ఆ పొద్దున వాడు ఆమెను సూటిగా చూడడం అదే మొదలు. కళ్ళు ఎర్రబడ్డాయి. "రాయండి," అన్నాడు. "కారు అమ్మేస్తా. ఆ డబ్బు రసజ్ఞ ఫీజుకి ఈ నెలలోనే ఇస్తా. మిగిలింది నెలనెలా. నా జీతంలోంచి పోయేటట్టు రాయండి." కాస్త ఆగి, "అమ్మకేం చెప్తావక్కా?" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"అమ్మ సంగతి నాకొదిలేయ్."

సుష్మ పాత చివరి పేజీ చింపేసింది. "ఇంకో సంగతమ్మా," అంది శ్రీలతతో. "మీరిగ సాక్షిగా పనికిరారు. అప్పు ఇచ్చిన మనిషి మీరే అయితిరి. సాక్షికి పక్క ఆఫీసులో ఎవరినన్నా పిలుస్త. మీ పేరు లోపల రావాలె, అప్పు దగ్గర. కుర్చీ ఇటు జరుపుకోండి."

గోడ పక్కన ఉన్న కుర్చీని భార్గవే లాగి టేబుల్ దగ్గరికి జరిపింది. శ్రీలత తమ్ముడికీ భార్గవికీ మధ్యన కూర్చుంది.

"పూర్తి పేరు చెప్పండి."

శ్రీలత గొంతు సవరించుకుంది. పక్కన భార్గవి "గట్టిగా చెప్పు వదినా" అంది.

గట్టిగానే చెప్పింది. ఇంటి పేరుతో సహా.

అన్ని సంతకాలూ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. ఓబులమ్మ. పొద్దుటి నుంచీ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నట్టుంది.

"పెట్టినావా సంతకం?"

"పెట్టినా మా."

"వాడేం బాధపడలేదు కదా?"

"పడినాడు. పడనీలే."

ఓబులమ్మ, పక్కింటివాళ్ళు వింటారేమోనన్నట్టు గొంతు తగ్గించి అడిగింది. "ఆ మాట... నోరు జారలేదు కదా?"

శ్రీలత ఆఖరి మెట్టు మీద ఆగింది. టిఫిన్ సెంటర్ ముందు ప్రశాంత్, భార్గవి చెరో పక్కన నిలబడి ఆమె కోసం చూస్తున్నారు.

"జారలేదు మా," అంది. "కావాలనే చెప్పినా."